సంతకం ఎవరిది? ఆపరేషన్ అనుమతి పత్రం వెనుక కథ

"పేషెంట్ తాలూకా ఎవరండీ? ఇక్కడ సంతకం పెట్టండి."

విశాఖ ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్లకి ఈ పిలుపు కొత్త కాదు. మా పిన్ని గర్భసంచి ఆపరేషన్‌కి నగరంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆ కాగితం నా చేతికిచ్చారు. రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. సంతకం పెట్టాల్సిన మూడు చోట్ల పెన్సిల్‌తో ఇంటూ మార్కులు. పిన్ని పక్కనే మంచం మీద మెలకువగా ఉంది. ఆవిడని ఎవరూ అడగలేదు. టెన్షన్‌లో నేనూ అడగలేదు.

నిజానికి ఈ సంతకం పుట్టింది రోగి కోసం. తన ఒంటిని ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి పెద్ద మనిషికీ ఉందని 1914లోనే న్యూయార్క్ కోర్టు ఒకటి చెప్పింది. నాజీ డాక్టర్ల ఘోరాల తర్వాత, 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వైద్య ప్రయోగాలకు మనిషి సమ్మతి తప్పనిసరి అంది.

మన దగ్గర డాక్టరు మాటే వేదం. 1923లో విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) మొదలైన నాటి నుంచి తరాల తరబడి "మీ దయ బాబూ" అని చేతులు జోడించడమే అలవాటు. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. ఆ తర్వాత సంతకం ఆసుపత్రికి రక్షణగా మారిందని నా అభిప్రాయం. 2002 నాటి వైద్య మండలి నిబంధనలు కూడా ఎవరి అనుమతి తీసుకోవాలో చెబుతూ ముందు భర్త లేదా భార్యను, చివర్లో రోగిని పేర్కొన్నాయి.

దీన్ని సరిచేసింది సమీరా కోహ్లి కేసు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల ఆమె లాప్రోస్కోపీ (పొట్టలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసే) పరీక్షకి మాత్రమే ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: ప్రాణం మీదికి వస్తే తప్ప పరీక్షకిచ్చిన అనుమతి ఆపరేషన్‌కి చెల్లదు, తెలివిలోకి వచ్చాక తానే చెప్పగల మనిషి తరఫున తల్లి అనుమతీ చెల్లదు. ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారి ఉందా, ముఖ్యమైన ప్రమాదాలేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ ముందే చెప్పాలి. పరిహారం మాత్రం 25 వేలే.

ఆ మరుసటి ఏడాదే ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలపై హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం జరిగింది. చాలా పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో తెలిసిన భాషలో వివరణ, రెండో డాక్టరు అభిప్రాయం కూడా చేరాయి. పాడేరు, అరకు వైపు నుంచి విశాఖ వచ్చే కువి, ఒడియా మాట్లాడేవాళ్లకి తెలుగు పత్రమైనా సరిపోదు.

ఇంటికొచ్చిన మూడో రోజు డిశ్చార్జ్ సమ్మరీ చదివి వినిపిస్తుంటే పిన్ని నన్ను ఆపింది. "అండాశయాలు కూడా తీసేశారా? నీకు ముందే తెలుసా?"

నాకూ తెలియదు. సంతకం మాత్రం నాదే.