అదే దెబ్బ, అదే నొప్పి కాదు

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి నాటి అర్ధరాత్రి జరిగే బన్నీ ఉత్సవంలో, మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ మూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. తల పగిలినవారు గాయానికి ఇంత పసుపు అద్దుకొని మళ్లీ గుంపులోకి చొరబడటం అక్కడ కొత్త కాదు. దీనిని భక్తి అన్నా, ఆవేశం అన్నా, నొప్పి ఆ క్షణానికి వెనక్కి తగ్గడం మాత్రం నటన కాదు. నొప్పి గాయాన్ని బట్టే కాక, ఒత్తిడిని బట్టీ, సెక్స్ హార్మోన్లను బట్టీ మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రణరంగాన పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది నొప్పి మందు అక్కరలేదన్నారని 1946లో రాశాడు.

హఠాత్తుగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు మధ్యమెదడులోని ఒక చిన్న బూడిదరంగు ప్రాంతం మేల్కొని, గాయం నుంచి వచ్చే సంకేతాలను వెన్నుపాము దగ్గరే బలహీనపరుస్తుంది. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకలలో ఆ చోటికి స్వల్ప విద్యుత్తు పంపి, మత్తుమందు లేకుండానే పొట్టకు శస్త్రచికిత్స చేయగలిగాడు. ప్రాణం మీదికి వచ్చిన ఆ సమయంలోనే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఒక పెద్ద ప్రోటీనును ముక్కలు చేస్తుంది. అందులో ఒక ముక్క మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలకు పురికొల్పే హార్మోను, మరొకటి శరీరం తనకు తాను తయారుచేసుకునే నల్లమందు వంటి బీటా ఎండార్ఫిన్. ఒత్తిడికీ ఉపశమనానికీ పుట్టుక ఒక్కచోటే కావడం నాకు ఈ మొత్తం కథలో అన్నింటికంటే ఆశ్చర్యంగా తోస్తుంది.

అయితే బోరు ఎండి, అప్పు తీరక, నెలల తరబడి నిద్ర పట్టని రైతు ఇంట్లో ఉండే ఒత్తిడి ఈ కోవకు చెందదు. ఒత్తిడి దీర్ఘకాలం సాగినప్పుడు కార్టిసాల్ రోజువారీ లయ చెదురుతుంది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే మార్గాలు నొప్పిని అణచడం మాని పెంచే వైపు మొగ్గుతాయి. పైగా, ఎడతెగని ఒత్తిడి మెదడు నుంచి అండాశయాలకూ వృషణాలకూ వెళ్లే ఆదేశాలను మందగింపజేసి, అవి తయారుచేసే సెక్స్ హార్మోన్లు ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్‌ల పాళ్లను కూడా మార్చగలదు. నొప్పి విషయంలో ఒత్తిడి కథ, సెక్స్ హార్మోన్ల కథ కలిసేది ఇక్కడే.

మైగ్రేన్‌ను, అంటే పార్శ్వపు తలనొప్పిని, చూడండి. యుక్తవయసుకు ముందు అది ఆడపిల్లలలోనూ మగపిల్లలలోనూ ఇంచుమించు సమానంగా కనిపిస్తుంది; ఆ తరువాత స్త్రీలలో సుమారు మూడు రెట్లవుతుంది. ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉండటమే దీనికి కారణమని అనుకోవడం సులభం, కానీ విషయం అంత సూటిగా లేదు. ఆస్ట్రేలియా వైద్యుడు బ్రియాన్ సోమర్‌విల్ 1972లో, నెలసరి సమయంలో మైగ్రేన్ వచ్చే స్త్రీలకు నెలసరికి కొద్ది రోజుల ముందు ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశాడు. రక్తస్రావం రావలసిన రోజుకే వచ్చింది, తలనొప్పి మాత్రం వెనక్కి జరిగింది. మరో స్త్రీ హార్మోను ప్రొజెస్టెరాన్ ఇచ్చినప్పుడు రక్తస్రావం ఆలస్యమైంది, తలనొప్పి తన వేళకే వచ్చింది. అంటే మైగ్రేన్‌ను రేపుతున్నది ఈస్ట్రోజెన్ ఉండటం కాదు, ఉన్నది పడిపోవడం. గర్భిణులలో రెండో, మూడో త్రైమాసికాలలో, ఆ హార్మోను ఎత్తున నిలకడగా ఉన్నప్పుడు, చాలామందికి ఈ బాధ తగ్గుతుంది. కాన్పు తరువాత మళ్లీ మొదలవుతుంది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్-కార్ సుబియేటా బృందం దవడ కండరంలోకి ఉప్పునీటిని ఎక్కించి నొప్పి కలిగిస్తూ, మెదడులో సహజ నొప్పినివారక వ్యవస్థ పనితీరును చిత్రీకరించింది. ఈస్ట్రోజెన్ తక్కువగా ఉన్న రోజుల్లో కంటే, చర్మానికి అంటించే మందు పట్టీల ద్వారా దానిని పెంచినప్పుడు అదే స్త్రీలలో ఆ వ్యవస్థ మరింత చురుకుగా స్పందించినట్లు 2006లో ప్రచురితమైన వారి పరిశోధన చూపింది. కాబట్టి వేరుశనగ చెట్లు పెరికే పనిలో ఉన్న స్త్రీ "ఈ వారం శానా నొస్తాంది" అన్నప్పుడు, పని పోయిన వారంలోలాగే ఉన్నదన్న ఒక్క కారణంతో ఆమె మాటను తోసిపుచ్చడం శాస్త్రం ముందు నిలవదు.

టెస్టోస్టెరాన్ మొత్తం మీద నొప్పిని తగ్గించే వైపే పనిచేస్తుందని కనిపిస్తున్నా, దానిపై చెప్పదగినది తక్కువ. అంతకంటే ఆసక్తికరమైనది 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం గమనించిన విషయం: ప్రయోగం చేసేది పురుషుడైతే, చివరికి పురుషుడు వేసుకున్న టీషర్టు దగ్గర ఉన్నా, ఆ వాసనకు చిట్టెలుకలు ఒత్తిడికి లోనై నొప్పిని తక్కువగా చూపాయి. ఎలుకను పట్టుకున్నది ఎవరో నమోదు చేయని పాత ప్రయోగాల ఫలితాలను ఇప్పుడు ఎలా చదవాలన్నది చిన్న ప్రశ్న కాదు.

చికిత్సలో ఈ అవగాహనకు పెద్ద యంత్రాలేవీ అవసరం లేదు. కడపలోనైనా అనంతపురంలోనైనా గోడకు వేలాడే క్యాలెండరు చాలు. తలనొప్పి వచ్చిన రోజులను నెలసరి తేదీల పక్కనే మూడు నెలల పాటు గుర్తుపెట్టి వైద్యుడికి చూపాలి. మూడింటిలో కనీసం రెండు నెలసరులలో, మొదటి రోజుకు రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు లోపల మైగ్రేన్ వస్తూ ఉంటే దానిని నెలసరి మైగ్రేన్‌గా పరిగణిస్తారు. అప్పుడు ఆ కొద్ది రోజులకే ముందుజాగ్రత్త మందును సూచించే వీలుంటుంది.