రెయిడ్ కార్డు పోతే ఇంకోటి కొనుక్కుంటే సరిపోతుందా?

"హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు వేయించాం సార్, డేటాకి ఢోకా లేదన్నారు." విశాఖ ద్వారకానగర్ ల్యాబ్ అయినా, పోర్టు దగ్గరి క్లియరింగ్ ఆఫీసయినా, సర్వర్ ఆగిపోయిన రోజు వినిపించే మొదటి మాట ఇదే. ఆ కంగారులో తప్పులేదు. తప్పంతా ఆ 'ఢోకా లేదు' అన్నవాళ్లది.

రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం, ఒకటి పోయినా డేటా నిలవడానికి. కార్డు చూసుకునేది డిస్కు పోతే ఏం చేయాలన్నదే. కార్డే పోతే? డిస్కుల వరస, స్ట్రిప్ సైజు (ఒక్కో డిస్కు మీద ఒకసారికి రాసే ముక్క కొలత) లెక్కలన్నీ అది డిస్కుల మీద తన సొంత పద్ధతిలో రాసుకుంటుంది. వేరే కంపెనీ కార్డుకి ఆ రాత అర్థం కాదు. అదే కంపెనీ, అదే కుటుంబం కార్డు వెతకాల్సిందే. దొరికి పెట్టాక 'ఫారిన్ కాన్ఫిగరేషన్' అని తెర మీద వస్తుంది. అక్కడ నొక్కాల్సింది ఇంపోర్ట్. భయపడి క్లియర్ నొక్కి, కొత్త అర్రే (కలిపిన డిస్కుల గుంపు) కట్టి, ఫుల్ ఇనిషియలైజ్ ఇచ్చారంటే డేటా మీద సున్నాలు రాసేస్తుంది.

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ఆ లెక్క ఏ లినక్స్ మెషీనైనా చదవగలదు. మదర్‌బోర్డు కాలిపోతే డిస్కులన్నీ తీసి ఇంకో మెషీన్‌కి ఏ వరసలో తగిలించినా పర్లేదు. ముందు లినక్స్ రెయిడ్ కమాండు ఎండీఆడమ్ (mdadm) ఎగ్జామిన్‌తో ప్రతి డిస్కు ఈవెంట్ కౌంట్ (ఏ డిస్కు రాత ఎంత తాజాదో చెప్పే అంకె) చూసి రాసుకోండి, తర్వాత అసెంబుల్ (ఉన్న అర్రేని మళ్లీ కలపడం) ఇవ్వండి. అసెంబుల్ కాలేదని మాత్రం క్రియేట్ (కొత్త అర్రే కట్టడం) జోలికి పోకండి. వరసో చంక్ సైజో (స్ట్రిప్ సైజుకి లినక్స్ పేరు) తప్పితే, వెంటనే మొదలయ్యే రీసింక్ (డిస్కుల్ని ఒకదానికొకటి సరిపోయేలా తిరగరాయడం) ఉన్న డేటాని చెరిపేస్తుంది.

కార్డు మీది బ్యాటరీ సంగతీ ఎవరూ చెప్పరు. డిస్కుకి ఇంకా చేరని రాతల్ని క్యాషేలో (కార్డు మీది తాత్కాలిక మెమరీలో) నిలిపి ఉంచేది అదే. కొత్తగా ఉన్నా సాధారణంగా రెండు మూడు రోజులే ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక మన ఊళ్లో చాలా వీధులకు అంతకంటే ఎక్కువ రోజులే కరెంటు లేదు. కార్డే కావాలంటే, కరెంటు పోగానే క్యాషేని ఫ్లాష్‌లోకి దించేసే రకం తీసుకోండి. బ్యాటరీ చచ్చిందంటే చాలా కార్డులు రైట్‌బ్యాక్ (క్యాషేలో పెట్టి తర్వాత డిస్కుకి రాయడం) వదిలి రైట్‌త్రూకి (నేరుగా డిస్కుకే రాయడానికి) మారతాయి. నిన్నటిదాకా పరిగెత్తిన ట్యాలీ ఇవాళ ఈడుస్తోందంటే ముందు చూడాల్సింది అదే.

సాఫ్ట్‌వేర్ రెయిడ్ సీపీయూని తినేస్తుందన్నది పాత మాట, ఇప్పటి ప్రాసెసర్లకి ప్యారిటీ (పోయిన డిస్కు డేటాని తిరిగి కట్టడానికి పనికొచ్చే అదనపు సమాచారం) లెక్క ఒక పని కాదు. మదర్‌బోర్డు బయోస్‌లో వచ్చే రెయిడ్ హార్డ్‌వేర్ కాదు, పని చేసేది డ్రైవరే. రెయిడ్ ఏదైనా బ్యాకప్ కాదు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలు అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. ఈఎస్ఎక్స్ఐ (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సిస్టమ్) వాడేవాళ్లకి సాఫ్ట్‌వేర్ రెయిడ్ దారి లేదు, కార్డే గతి. కొన్న రోజే స్పేర్ కార్డు కూడా కొని బీరువాలో పెట్టండి.

డెస్క్‌టాప్ డిస్కులు పెట్టకండి. చెడ్డ సెక్టారు తగిలితే అవి నిమిషాల తరబడి పట్టు వదలవు. లినక్స్ 30 సెకన్లే ఆగుతుంది, ఆపైన బాగానే ఉన్న డిస్కుని కూడా అర్రే నుంచి గెంటేసే ప్రమాదం ఉంది. స్మార్ట్‌కంట్రోల్ (smartctl) కమాండుతో ఎస్‌సీటీ ఈఆర్‌సీని (చెడ్డ సెక్టారు మీద డిస్కు పట్టుబట్టే సమయాన్ని) 70కి, అంటే 7 సెకన్లకి పెట్టండి. కొన్ని డిస్కులు రీబూట్ కాగానే ఇది మర్చిపోతాయి కాబట్టి బూట్ స్క్రిప్టులోనే రాయండి.

ప్రతి ట్రే మీదా డిస్కు సీరియల్ నంబరు రాసి అంటించండి. ఒక్క డిస్కు పోతేనే తట్టుకునే రెయిడ్ 5లో ఒక డిస్కు పోయాక, దానికి బదులు పక్కనున్న మంచిది లాగారంటే అర్రే అక్కడికక్కడే ఆగిపోతుంది.