ఆకుపచ్చ అచ్చు పడితే పారేయండి

పుట్టగొడుగుల కూరలో వెండి ఉంగరం వేసి, నల్లబడకపోతే తినొచ్చంటారు, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. కాదండీ. వెండిని నల్లబరిచేది గంధకం. ఉడికించిన కోడిగుడ్డు తగిలినా నల్లబడుతుంది. ప్రాణాలు తీసే అమానిటా రకం పుట్టగొడుగుల్లోని అమాటాక్సిన్ అనే విషంలోనూ గంధకం ఉంది కానీ, అది 8 అమైనో ఆమ్లాల వలయంలో ఇరుక్కుని వెండి జోలికి రాదు. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. పురుగు తిన్నది మనమూ తినొచ్చనడం కూడా ఉత్త మాటే. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు.

మన దగ్గర వానలకు చెదపుట్టల మీద లేచేవి టెర్మిటోమైసిస్ జాతివి, కమ్మగా ఉంటాయి. వాటిలాగే తెల్లగా, పెద్దగా పచ్చికలో మొలిచే కుక్కగొడుగు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. లేతగా ఉన్నప్పుడు దాని అడుగు రేకులూ తెల్లగానే ఉంటాయి, చిక్కంతా అక్కడే.

తేల్చేది సిద్ధబీజాల రంగు, అంటే రేకుల నుంచి పొడిలా రాలే, విత్తనాల్లాంటి వాటి రంగు. విచ్చుకున్న గొడుగును కాడ కోసేసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద రేకులు కిందికి ఉండేలా బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ముగ్గు వేసినట్టు గీతలు పడతాయి, అదే అచ్చు. టెర్మిటోమైసిస్‌ది లేత గులాబీ, క్లోరోఫిల్లమ్‌ది ఆకుపచ్చ.

బీజాలు గాలికి ఎగిరిపోతాయని బడిలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు తమాషా అంతకుముందే జరుగుతుంది! రేకు మీద ప్రతి బీజం సన్నటి మొన చివర నిలబడి ఉంటుంది. ఆ బీజం మొదట్లో ఒక నీటి బొట్టు ఊరుతుంది, పక్కన బీజం ఒంటిమీద పలచటి నీటి పొర. బొట్టు పెరిగి పొరను తాకిందా, తలతన్యత (నీటి పైపొరను బిగించి పట్టే బలం) రెండింటినీ ఒక్కటి చేసేస్తుంది. బొట్టు బరువు చటుక్కున బీజం మీదికి జరుగుతుంది, ఆ ఊపుకి బీజం మొన నుంచి తెగి దూకుతుంది. ఆ త్వరణం గురుత్వ త్వరణానికి వేల రెట్లు. అయినా గాలి అడ్డుకోవడంతో వెళ్లేది మిల్లీమీటరు లోపే. ఇంకాస్త దూకితే ఎదుటి రేకుకి అంటుకుపోయేది. అలా కాకుండా సందు మధ్యలో ఆగి తిన్నగా కిందికి దిగుతుంది. కాగితం మీద రేకుకీ రేకుకీ మధ్య గీత అంత స్పష్టంగా పడేది అందుకే.

అయితే అమానిటా విషయంలో ఈ అచ్చు సరిపోదు. దానిది తెల్లటి అచ్చు, తినే రకాల్లోనూ తెల్ల అచ్చువి బోలెడు. దాని గుర్తు కాడ అడుగున ఉండే సంచి. పైపైన కోస్తే అది మట్టిలోనే ఉండిపోతుంది, అందుకని తవ్వి చూడాలి. ఆ విషం లోపలికి వెళ్లాక మామూలుగా 6 గంటలు దాటితే గానీ వాంతులు మొదలుకావు. మర్నాడు తగ్గినట్టే ఉంటుంది, కాలేయం మాత్రం పాడవుతూనే ఉంటుంది. అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా, మిగిలిన ముక్కలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.