మన ఉక్కులో ఇంత కార్బన్ ఎందుకు? కథ పాల్వంచ నుంచి చదవాలి

ఇండస్ట్రీలో కార్బన్ తగ్గించడం మీద పీహెచ్‌డీ చేయాలనుకునే మన పిల్లలు చాలామంది నేరుగా గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) దగ్గరికి వెళ్లిపోతున్నారు. వెళ్లండి, కానీ ముందు మన ఉక్కు ఈ స్థితికి ఎలా వచ్చిందో తెలుసుకోండి.

టన్ను ఉక్కు తయారీకి ప్రపంచ సగటున సుమారు 1.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే మన దగ్గర అది 2.5 టన్నుల దాకా ఉంది. బొగ్గుతో చేసే స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే తీసే ఇనుము, ఎలక్ట్రిక్ ఫర్నేసుల్లో స్క్రాప్‌కు బదులు వాడతారు) దీనికి ఒక పెద్ద కారణం. 1970లలో బ్లాస్ట్ ఫర్నేస్‌కు (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమికి) పనికొచ్చే కోకింగ్ బొగ్గు మనకు తక్కువ, గ్యాస్ ఇంకా తక్కువ, చిన్న ఎలక్ట్రిక్ ఫర్నేసులకు సరిపడా స్క్రాప్ (పాత ఇనుము) కూడా లేదు. మామూలు బొగ్గు మాత్రం కావలసినంత ఉంది. అందుకే ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో, సింగరేణి గనులకు దగ్గరగా ఉన్న పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ పెట్టింది. ఏడాదికి 30 వేల టన్నుల సామర్థ్యంతో 1980లో ఉత్పత్తి మొదలైంది. ఆ రోజుల్లో అది మంచి ఆలోచనే, ఇప్పటి కళ్లతో చూసి దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

పద్ధతి కూడా సులువే. కొంచెం వాలుగా పడుకోబెట్టిన పొడవాటి ఇనుప గొట్టం (దీన్నే కిల్న్ అంటారు) మెల్లగా తిరుగుతుంటుంది, అందులో ఒకవైపు నుంచి ఇనుప ఖనిజం, బొగ్గు, డోలమైట్ వేస్తారు, వెయ్యి డిగ్రీల వేడిలో ఖనిజం కరగకుండానే అందులోని ఆక్సిజన్ పోయి, సన్నటి రంధ్రాలతో ఇనుము బయటికొస్తుంది. తక్కువ పెట్టుబడి. 1991లో లైసెన్సులు ఎత్తేశాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బళ్లారి ప్రాంతాల్లో ఈ కిల్న్‌లు వందల్లో పుట్టుకొచ్చాయి, స్పాంజ్ ఐరన్‌లో ప్రపంచంలోనే మొదటి స్థానం మనదైంది. పెద్ద కిల్న్ అయితే బయటికి పోయే వేడి గ్యాస్‌తో కరెంటు తీస్తారు, చిన్నవాటిలో చాలాచోట్ల ఆ వేడంతా గాల్లోకే పోతోంది. అదే విశాఖ ఉక్కులో మొదటి నుంచీ ఎర్రగా కాలే కోక్‌ను (కోకింగ్ బొగ్గు నుంచి చేసే ఇంధనాన్ని) నీళ్లతో ఆర్పకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడిని కరెంటుగా మారుస్తున్నారు.

విధానాల సంగతికొస్తే, 2001లో ఇంధన పొదుపు చట్టం, 2012లో ప్యాట్ పథకం (పెద్ద పరిశ్రమలకు ఇంధన పొదుపు టార్గెట్లు పెట్టేది) వచ్చాయి. ప్యాట్ మొదటి విడతలో 478 యూనిట్లకు టార్గెట్లు పెట్టారు, అవి అంతకంటే ఎక్కువే పొదుపు చేశాయి. టార్గెట్లు తేలిగ్గా ఉన్నాయనే నా అభిప్రాయం. పైగా అది లెక్కపెట్టింది ఇంధనాన్ని, కార్బన్‌ని కాదు, చిన్న కిల్న్‌లు దాని పరిధిలోకే రాలేదు. 2022లో చట్టాన్ని సవరించి 2023లో కార్బన్ క్రెడిట్ల ట్రేడింగ్ పథకం (టార్గెట్ కంటే ఎక్కువ కార్బన్ తగ్గించినవాళ్లు ఆ మిగులును అమ్ముకునేది) తెచ్చారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి యూరప్ మన ఉక్కులో కార్బన్ లెక్కలు అడగడం మొదలుపెట్టింది, 2026 నుంచి అక్కడికి వెళ్లే ఉక్కులోని కార్బన్‌కు డబ్బు కూడా కట్టాలి. 2024 డిసెంబర్‌లో మన కేంద్రం టన్నుకు 2.2 టన్నుల లోపు ఉంటేనే గ్రీన్ స్టీల్ అని నిర్ణయించింది. బొగ్గు కిల్న్‌ల దారిలో అది 3 టన్నుల దగ్గర ఉంటుంది.

విశాఖ దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, సంతోషమే. ఆ హైడ్రోజన్ చవగ్గా దొరికేలోపు ఈ చిన్న కిల్న్‌లను ఏం చేయాలి, వాటి ఓనర్లకు అప్పు ఎవరిస్తారు, అక్కడ పనిచేసే కూలీలు ఎటు పోవాలి? థీసిస్‌లు వీటి మీద రావాలి.