ఎస్‌ఎస్‌డీ డబ్బా మీది నంబరు: అపోహలు - వాస్తవాలు

ల్యాప్‌టాప్ రిపేర్ షాపులో కూర్చుంటే రోజుకు ఒక్కరైనా అడుగుతారు: "అన్నా, ఏడు వేల స్పీడ్ ఎస్‌ఎస్‌డీ ఉందా?" ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్ బదులు వేసే, తిరిగే భాగాల్లేని చిప్ స్టోరేజీ. ఏడు వేలంటే సెకనుకు చదివే ఎంబీల లెక్క. ముందు ల్యాప్‌టాప్ మోడల్ చెప్పమంటాను. సగం మందికి ఆ ఏడు వేలు అక్కర్లేదు.

అపోహ: నంబరు ఎంత పెద్దదైతే సిస్టం అంత ఫాస్ట్.

సాటా అనే పాత రకం కనెక్షన్ ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది. ఎన్‌వీఎంఈ అనే కొత్త, వేగమైన రకంలో జెన్3 (మూడో తరం) అయితే 3,500, జెన్4 అయితే 7,000 దాటుతుంది. అబద్ధాలేం కావు గానీ, ఒక పెద్ద ఫైలును వరుసగా చదివితే వచ్చే లెక్కలవి. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లను అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకోవాలి. హార్డ్‌డిస్క్‌లో ప్లేటు తిరిగి, హెడ్ చోటుకు చేరేసరికి ఒక్కోదానికి పది మిల్లీసెకన్లకు పైనే. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు కూడా పట్టదు. అందుకే పాత ల్యాప్‌టాప్‌లో మామూలు సాటా వేసినా ప్రాణం లేచొస్తుంది. సాటా తీసి ఎన్‌వీఎంఈ వేస్తే మాత్రం, ఆన్ అవడంలో తేడా వాచీ పెట్టి చూస్తే తప్ప తెలియదు. పైగా జెన్3 స్లాట్‌లో జెన్4 డ్రైవ్ పెట్టినా జెన్3 వేగమే వస్తుంది. పీఎస్5 గేమ్ మెషీన్‌లో వేసేవాళ్ల సంగతి వేరు, 5,500 పైన ఉండాలని సోనీయే చెబుతోంది.

అపోహ: సైజు ఒకటే, స్పీడ్ ఒకటే, చవకదే లాభం.

మొన్న పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు కొత్త 1 టీబీ డ్రైవ్ పట్టుకొచ్చి "డూప్లికేట్ అంటగట్టారన్నా" అన్నాడు. నా ముందే 200 జీబీ వీడియోలు కాపీ పెట్టాం. మొదట సెకనుకు 450 ఎంబీ దగ్గర ఆకుపచ్చ గ్రాఫ్ చక్కగా నడిచింది. కాసేపటికి ఢమాల్న 70కి పడి, ఇక లేవలేదు. డ్రైవ్ అసలుదే. అది క్యూఎల్‌సీ రకం. డేటా దాచే ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కుతారు కాబట్టి చవక, రాయడం నిదానం. ఆ నిదానం కనబడకుండా కొంత భాగాన్ని సెల్‌కు ఒక్క బిట్ చొప్పున వాడి కాష్‌గా, అంటే తాత్కాలికంగా రాసుకునే చోటుగా పెడతారు. అది నిండితే అసలు వేగం బయటపడుతుంది. డ్రైవ్ నిండేకొద్దీ చాలా మోడళ్లలో ఆ కాష్ కూడా చిక్కిపోతుంది. బ్రౌజింగ్, ఆఫీసు పనికి ఈ డ్రైవ్ చాలు. వీడియోలవాళ్లు మాత్రం కాస్త ఎక్కువ పెట్టి టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లది) తీసుకోవాలి. ఆ మాట డబ్బా మీద వెతకండి. రాసి లేకపోతే నాకైతే అనుమానమే.

అపోహ: ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుంది.

మంచి 500 జీబీ డ్రైవ్‌కు 300 టీబీ రాతల దాకా వారంటీ ఇస్తారు. రోజుకు 30 జీబీ రాసినా అది పూర్తవడానికి 27 ఏళ్లు. నా టేబుల్ మీదికొచ్చే చచ్చిన డ్రైవ్‌లలో అరిగిపోయినవి అరుదు, కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్) పోయినవే ఎక్కువ. హార్డ్‌డిస్క్ అయితే చాలాసార్లు టక్‌టక్‌మని ముందే చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగుండి పొద్దున కనబడదు. బ్యాకప్ లేకపోతే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

అపోహ: ఎం.2 అంటే ఎన్‌వీఎంఈ.

ఎం.2 అనేది ఆకారం పేరు. అదే ఆకారంలో సాటా కూడా వస్తుంది. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల ఎం.2 స్లాట్‌లో సాటాది మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి ఎన్‌వీఎంఈ కొనేసి, "బిగించి పెట్టన్నా" అని వచ్చేవాళ్లలో నెలకు ఇద్దరినైనా రిటర్న్ పెట్టుకోమని పంపిస్తుంటాను.