గర్భిణికి కామెర్లు: అపోహలు, వాస్తవాలు

గర్భిణికి కళ్లు పచ్చబడ్డాయంటే డాక్టర్లుగా మేం ముందు అడిగేది ఎన్నో నెల అని. దాన్ని బట్టే మా అనుమానాలు మారిపోతాయి.

అపోహ: విశ్రాంతి తీసుకుంటే కామెర్లు వాటంతటవే తగ్గుతాయి.
వాస్తవం: హెపటైటిస్ ఎ అయితే చాలావరకు నిజమే. హెపటైటిస్ ఇ దగ్గర ఈ ధీమా పనికిరాదు. కలుషిత నీటితో వచ్చే ఈ వైరస్ మిగతావాళ్లలో చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే మాత్రం లివర్ ఒక్కసారిగా ఫెయిల్ కావచ్చు. ఆ దశలో మరణాలు 20-25 శాతం దాకా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మగతగా ఉన్నా, మాట తడబడినా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

అపోహ: తల్లికి హెపటైటిస్ బి ఉంటే సిజేరియన్ తప్పదు, పాలివ్వకూడదు.
వాస్తవం: రెండూ తప్పే. పాలు మాన్పించేసి వచ్చిన తల్లుల్ని చూస్తే బాధేస్తుంది. వైరస్ బిడ్డకు ఎక్కువగా సోకేది కాన్పు సమయంలో. పుట్టిన 24 గంటల్లోపు టీకా, వీలైనంత త్వరగా ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌తో పోరాడే రెడీమేడ్ యాంటీబాడీలు) ఇంజెక్షన్ పడితే చాలామంది పిల్లలకు రక్షణ దొరుకుతుంది. మిగతా టీకా డోసులూ పూర్తిచేయాలి. తల్లి రక్తంలో వైరల్ లోడ్ (వైరస్ మోతాదు) మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మందు ఇస్తాం. ఇంత హడావుడి ఎందుకంటే, పసికందుకు సోకితే దాదాపు 90 శాతం మందిలో అది దీర్ఘకాలిక జబ్బుగా మారుతుంది.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు దురద మామూలే.
వాస్తవం: పొట్ట మీద చర్మం సాగి పుట్టే దురద మామూలే. దద్దుర్లు లేకుండా అరచేతుల్లో, అరికాళ్లలో మొదలై రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని దురద వేరు, అది లివర్ నుంచి పైత్యరసం సరిగా పారకపోవడం వల్ల కావచ్చు. అప్పుడు క్రీములు రాస్తూ కూర్చోకుండా రక్తంలో బైల్ యాసిడ్స్ (పైత్యరసంలోని ఆమ్లాలు) పరీక్ష చేయించాలి. అవి లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుంది, అందుకే కాన్పు ముందుకు జరుపుతాం.

అపోహ: ఎనిమిదో నెలలో వాంతులు, కుడివైపు పైకడుపులో నొప్పి... అంతా గ్యాస్.
వాస్తవం: గ్యాస్ కావచ్చు. కానీ హెల్ప్ సిండ్రోమ్ (ఎక్కువగా హైబీపీతో కలిసి వచ్చి, ఎర్రరక్తకణాలు విరిగి, లివర్ దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు), అక్యూట్ ఫ్యాటీ లివర్ (లివర్‌లో ఒక్కసారిగా కొవ్వు చేరే జబ్బు) కూడా ఇలాగే మొదలవుతాయి. బీపీ నార్మల్‌గా ఉందని హెల్ప్‌ను కొట్టిపారేయలేం. రక్తపరీక్షలు అదే రోజు కావాలి. ఈ రెండింటికీ అసలు చికిత్స కాన్పు చేసేయడమే.

అపోహ: గర్భంలో లివర్ రిపోర్టు తేడాగానే వస్తుంది.
వాస్తవం: ఆ మాట ముఖ్యంగా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌కు చెల్లుతుంది, దాన్ని మాయ (ప్లాసెంటా) కూడా తయారుచేస్తుంది కాబట్టి. లివర్ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు పెరిగాయంటే కారణం వెతకాల్సిందే.