కాక్టస్ మీద వెండి చార

వనస్థలిపురం,
శ్రావణ శుక్రవారం, సాయంత్రం.

చిన్నీ, బుజ్జీ,

నిన్న మీ అమ్మ పంపిన ఫొటో కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. ఎర్ర తలకాయ కాక్టస్‌కి ఒక పక్క గుంట పడింది, దాని పక్కనే ఎండిన జిగురు చార. "అమ్మమ్మా, ఏ మందు కొట్టాలి?" అని బుజ్జిగాడు ఫోన్లో ఒకటే అరుపు. నోటితో చెబితే సగం విని ఆటకి పరిగెడతారని ఉత్తరం రాస్తున్నాను. చిన్నీ, నువ్వు వాడికి చదివి వినిపించు.

మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు తిన్నదెవరో తేలాలి. అది తేల్చకుండా నేనొకసారి ఒక మొక్కనే చంపుకున్నాను. మీ అమ్మ పెళ్ళి కాకముందు మాట. మేడ మీద కొబ్బరికాయంత గుండ్రటి కాక్టస్ ఉండేది, ఒళ్ళంతా బంగారు రంగు ముళ్ళు. వానాకాలంలో దానికి ఇలాగే గుంటలు పడ్డాయి. ఎలుక పనే అనుకుని బోను పెట్టాను. వారం రోజులు కొబ్బరి ముక్క ఎండిపోయిందే తప్ప ఎలుక పడలేదు, గుంటలు మాత్రం పెరిగాయి. ఆఖరికి పక్కింటావిడ "నత్తలమ్మా, ఉప్పు చల్లు" అంది. కుండీ చుట్టూ, మట్టి మీద కూడా గుప్పిళ్ళతో చల్లేశాను. ఆ రాత్రి వాన పడి ఉప్పంతా వేళ్ళలోకి దిగింది. దసరాకల్లా నా బంగారు బంతి అడుగు నుంచి మెత్తబడి ఒక పక్కకి ఒరిగిపోయింది. నత్తలు దాన్ని గీరాయి, చంపింది మాత్రం నేను.

అందుకని ఈ రాత్రి తొమ్మిది దాటాక, నాన్నని వెంటబెట్టుకుని, టార్చి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళండి. వాన పడి వెలిసిన రాత్రయితే ఇంకా మంచిది. కుండీ అంచు, కింది పళ్ళెం, గోడ మూల చూడండి. గుల్ల ఉన్న నత్త అయితే తేలిగ్గా కనిపిస్తుంది. గుల్ల లేని నత్తలు కూడా ఉంటాయి, గోధుమ రంగులోనో నలుపులోనో చూడ్డానికి జలగలా ఉంటాయి. చిన్న మొక్కలకి వీటితోనే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే కుండీ అడుగున నీళ్ళు పోయే చిల్లులో నుంచి కూడా లోపలికి దూరిపోతాయి.

అన్ని ముళ్ళుంటే ఎలా ఎక్కిందని అడుగుతారని తెలుసు. నత్త కింద ఎప్పుడూ జిగురు పరుచుకునే ఉంటుంది. ఆ జిగురు పరుపు మీద అది కత్తి అంచు మీద కూడా తెగకుండా పాకిపోగలదు. మేకల్నీ ఆవుల్నీ ఆపడానికి పనికొచ్చే ముళ్ళు దీనికి ఒక లెక్కే కాదు. పైగా ముల్లుకీ ముల్లుకీ మధ్య సందు దానికి వీధంత ఉంటుంది. నోట్లో ఆకురాయి లాంటి నాలుక, దాని మీద వేలకొద్దీ సన్నటి పళ్ళు. కొరకదు, గీరుతుంది. అందుకే ఆ గుంట కొబ్బరి కోరినట్టు ఉంది, చూడండి. ఎలుకయితే పళ్ళ గాట్లు పడేవి, ముక్కలు రాలేవి. జిగురు చార మాత్రం ఉండేది కాదు.

ఇంకో తమాషా చెబుతాను. మామూలు మొక్క పగలు ఊపిరి తీసుకుంటే కాక్టస్ రాత్రి తీసుకుంటుంది. ఎడారి ఎండలో పగలు ఒంటి మీది సన్నటి రంధ్రాలు తెరిస్తే నీళ్ళన్నీ ఆవిరైపోవూ? అందుకని రాత్రే తెరిచి కార్బన్ డయాక్సైడుని లోపల దాచుకుంటుంది, తెల్లారాక తలుపులు మూసుకుని ఎండతో వంట చేసుకుంటుంది. నత్తకీ ఎండంటే పడదు, అదీ రాత్రే బయటికొస్తుంది. ఇద్దరిదీ నైట్ డ్యూటీ అన్నమాట, అక్కడే కలుసుకుంటారు.

గీరిన చోట మళ్ళీ పచ్చగా అవుతుందని ఆశపడకండి. గోధుమ రంగు బెరడు కట్టి మచ్చలా ఉండిపోతుంది. అది పొడిగా, గట్టిగా ఉంటే మొక్కకి భయం లేదు. తడిగా ఉండి వాసన వేస్తే మాత్రం కుళ్ళు పట్టినట్టే. ఆ మొక్కకి పది రోజులు నీళ్ళు మానేసి, వాన పడని చోట గాలి తగిలేలా పెట్టండి.

ఇక పట్టుకోవడం. పగలు నత్తలు ఎక్కడ పడుకుంటాయో అక్కడే దొరుకుతాయి. కుండీలన్నీ ఎత్తి అడుగున చూడండి, పళ్ళేల కింద, ఇటుకల సందుల్లో చూడండి. నేను చేసేది చాలా సులువు. సాయంత్రం ఒక గోనెపట్టా తడిపి, దాని కింద నాలుగు బొప్పాయి ఆకులో క్యాబేజీ పై ఆకులో పరిచి, కుండీలకి కొంచెం దూరంగా వదిలేస్తాను. తెల్లారి పట్టా ఎత్తితే అన్నీ అక్కడే విడిది చేసి ఉంటాయి. పెళ్ళివారు వచ్చినట్టే! వాటిని బకెట్‌లో చిక్కటి సబ్బునీళ్ళలోనో ఉప్పునీళ్ళలోనో వేస్తాను. ఉప్పు ఉండాల్సింది బకెట్‌లో, కుండీలో కాదు. బకెట్ పని నాన్నది, మీది వెతికే పని. చిన్నికి పాపం అనిపిస్తుందేమో, నాకూ అనిపిస్తుంది, అయినా తప్పదు.

ఒట్టి చేతులతో మాత్రం నత్తని ముట్టుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. కొన్ని నత్తల్లో ఎలుకల నుంచి వచ్చే ఒక సన్నటి పురుగు ఉంటుంది. అది మన కడుపులోకి పోతే మెదడు పొరలకి వాపు వచ్చే జబ్బు రావచ్చు. ప్లాస్టిక్ కవరో గ్లవ్సో వేసుకుని తీయాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బుజ్జీ, నత్తని అగ్గిపెట్టెలో పెట్టి బడికి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో.

అరచేతి పొడవు గుల్లతో, గోధుమ చారలతో పెద్ద నత్త కనిపిస్తే అది ఆఫ్రికా నత్త కావచ్చు. అది మన దేశంది కాదు. 1847లో బెన్సన్ అనే ఆంగ్లేయుడు మారిషస్ నుంచి కొన్ని తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలాడు. గుల్లలంటే ఆయనకి మోజు. ఆ మోజుకి మన రైతులు ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నారు. అది ఒక్క విడతలో వందకి పైగా గుడ్లు పెట్టగలదు. ఏ నత్త గుడ్లయినా సరే, కుండీ మట్టి పైపైన గీస్తే తెల్లటి పూసల్లా కుప్పగా కనిపిస్తాయి. కనిపిస్తే తీసేయండి. ఎండాకాలంలో నత్తలు చచ్చిపోయాయనుకుంటాం కానీ, గుల్ల మూతికి కాగితం లాంటి పొర కట్టుకుని కుండీ వెనక అతుక్కుని నిద్రపోతుంటాయి. మే నెలలో అలా నిద్రపోతున్నవాటిని ఏరేస్తే వానాకాలంలో సగం టెన్షన్ తగ్గుతుంది.

గుడ్డు పెంకులు పొడిచేసి చుట్టూ పోయమని, రాగి టేపు చుట్టమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు లెట్యూస్ మొక్కల చుట్టూ ఇలాంటివి ఐదు రకాలు పెట్టి చూశారు. పెంకులున్నాయి, రాగి టేపుంది, కంకర కూడా ఉంది. ఏమీ పెట్టని మొక్కల్ని ఎంత తిన్నాయో వీటినీ అంతే తిన్నాయని 2018లో చెప్పారు. నేనూ రెండేళ్ళు ఆమ్లెట్లు వేసినప్పుడల్లా పెంకులు దాచాను. మీ తాతయ్య వెక్కిరింపు తప్ప ఏమీ మిగల్లేదు. బూడిద పొడిగా ఉన్నంతసేపు కొంత ఆపుతుంది, ఒక్క జల్లు పడితే ముద్దయిపోతుంది. నత్తల మందు గుళికల్లో మెటాల్డిహైడ్ రకం కుక్కలు తింటే చాలా ప్రమాదం. మీ అపార్ట్‌మెంటులో అన్ని కుక్కపిల్లలున్నాయి కాబట్టి అది వద్దు. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు అంత ప్రమాదం కాదు. అయినా ఒక బాల్కనీకి గుళికలెందుకు, గోనెపట్టా చాలు.

పట్టా కంటే పెద్ద మందు ఒకటుంది, పొద్దున్నే నీళ్ళు పోయడం. మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చి చీకటి పడ్డాక మగ్గుతో పోస్తాడు కదూ? రాత్రంతా మట్టి తడిగా ఉంటే నత్తలకి తివాచీ పరిచినట్టే. పొద్దున పోస్తే సాయంత్రానికి పై మట్టి ఆరిపోతుంది. అది కూడా వేలు దించి చూసి, లోపల కూడా పొడిగా ఉంటేనే పోయాలి. ఈ వానల్లో అయితే అసలు పోయక్కర్లేదు. కుండీల్ని నేల మీద నుంచి తీసి ఇనుప స్టాండు మీద పెట్టండి. మట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, చిన్న గులకరాళ్ళు ఉండాలి.

మాకు ఇక్కడ ఒక సాయగాడున్నాడు. వెనక ఖాళీ జాగాలో జెముడుకాకి తిరుగుతుంది. నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు, ఎర్ర కళ్ళు, గొంతులో బుడుంగు బుడుంగుమని కూత. పెద్ద నత్తల్ని కూడా చీల్చి తింటుంది. పేరులోనే జెముడు ఉన్న పిట్ట వచ్చి నా జెముడు మొక్కల్ని కాపాడుతోందని నాకదో సరదా. మీ ఐదో అంతస్తుకి అది రాదు, వచ్చేవి పావురాలే. అవి లేత చివుర్లు పొడుస్తాయి. పైన వల కట్టించమని నాన్నకి చెప్పండి.

ఇప్పుడు అసలు శత్రువు గురించి. మీ ఫొటోలో రెండో కుండీ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ముళ్ళ మొదట్లో తెల్లటి దూది అంటుకున్నట్టు లేదూ? దూది కాదది, పిండినల్లి. నత్త గీరి వెళ్ళిపోతుంది. ఇది కాపురం పెడుతుంది. రసం పీల్చి, తీపి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు వచ్చి, పశువుల్ని కాసినట్టు వీటిని కాస్తాయి, ఒక మొక్క మీది నుంచి ఇంకో మొక్క మీదికి మోస్తాయి కూడా. కాక్టస్ మీద చీమల బారు కనిపిస్తే పిండినల్లి ఎక్కడుందా అని వెతకాలి. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో ఇయర్‌బడ్ ముంచి ఒక్కో తెల్లచుక్కనీ తుడవండి. పిల్లలకి ఓపిక ఎక్కువ, కళ్ళు బాగా కనిపిస్తాయి, ఇది మీరే చేయగలరు. అమ్మ పక్కన ఉండాలి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు చేయాలి, గుడ్లు తర్వాత పొదుగుతాయి కాబట్టి. బాగా ఎక్కువైతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలిపి ఎండ తగ్గాక చల్లి, రెండు రోజులు నీడలో ఉంచండి. ఎండలో చల్లితే మొక్క కమిలిపోతుంది. ఒంటి మీద బూడిద పూత ఉండే కాక్టస్‌కి నూనె వద్దు, పూత పోతుంది. ఎంత తుడిచినా మొక్క వాడిపోతుంటే కుండీలోంచి తీసి వేళ్ళు చూడండి, అక్కడ కూడా తెల్లగా ఉండొచ్చు.

ఈ పిండినల్లికి దగ్గరి చుట్టం ఒకటి మన దేశ చరిత్రలో ఉంది. చిన్నప్పుడు మా ఊళ్ళో నాగజెముడు పళ్ళు తిని నోరంతా ఎర్రగా చేసుకునేవాళ్ళం, నాలుకకి నూగుముళ్ళు గుచ్చుకుని ఏడ్చేవాళ్ళం. ఆ మొక్క కూడా మనది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాని మీద బతికే కొచినీల్ పురుగుని నలిపితే రక్తంలాంటి ఎరుపు. దొరల ఎర్రకోట్లకి ఆ రంగే కావాలని ఈస్టిండియా కంపెనీ 1795లో బ్రెజిల్ నుంచి పురుగులు తెప్పించింది. తీరా వచ్చింది వేరే రకం, రంగు సరిగ్గా రాలేదు. కానీ ఒక జాతి నాగజెముడుని మాత్రం తుడిచిపెట్టింది. మన పొలం గట్ల మీద మిగిలిన ఇంకో జాతి కోసం 1926లో మరో రకం కొచినీల్‌ని కావాలనే తెచ్చి వదిలారు. మా నాయనమ్మ కాలంలో ఊరి చుట్టూ కోటలా ఉండే డొంకలు నా కాలానికి పలచబడ్డాయి. అప్పట్లో రైతులు ఏ పురుగు రావాలని ఎదురుచూశారో, దాని చుట్టాన్నే ఇవాళ మనం ఇయర్‌బడ్‌తో తుడుస్తున్నాం.

ఎండాకాలంలో ఎర్రనల్లి వస్తుంది, కంటికి ఆనదు. కాక్టస్ నడినెత్తిన తుప్పు రంగు పాకితే అదే. తెల్లకాగితం పట్టి మొక్కని మెల్లగా తడితే చుక్కలు నడుస్తాయి. నీళ్ళు గట్టిగా చిమ్మి కడిగితే చాలావరకు పోతుంది. తొలకరికి ఎర్ర మఖమల్ చొక్కా వేసుకుని నేల మీద తిరిగే ఆరుద్ర పురుగు వేరు. అది మొక్కని తినదు, దాన్ని ఏమీ అనకండి. రోకలిబండ కనిపించినా వదిలేయండి, ఎక్కువగా కుళ్ళిన ఆకులే తింటుంది.

ఇక మీ ఎర్ర తలకాయ సంగతి. అది ఒక మొక్క కాదు, రెండు. పైన ఉన్న ఎర్రదానికి పచ్చదనం లేదు, సొంతంగా వండుకోలేదు. కింద ఉన్న మూడు పలకల పచ్చ కాడ డ్రాగన్ ఫ్రూట్ చుట్టం, అంటు కట్టి దాని మీద కూర్చోబెట్టారు. నత్త తిన్నది పైదాన్నే కదా. అది బతికితే సరే. పోతే కుండీ పారేయకండి. పై ముక్కని శుభ్రమైన చాకుతో తీయించి, కోసిన చోట ఆరనిస్తే కింది కాడ పక్కనుంచి పచ్చటి పిలక వేస్తుంది. దసరా సెలవులకి వచ్చేటప్పుడు ఆ కాడని అట్టపెట్టెలో, చుట్టూ పాత పేపర్లు కుక్కి, నిలబెట్టి తీసుకురండి. మన పిట్టగోడ పక్కన నాటుదాం. నా టార్చిలో సెల్స్ అయిపోయాయి, వచ్చేటప్పుడు రెండు పెద్దవి కూడా తెండి.

మీ అమ్మమ్మ